మంచి ఉద్యోగం మానేసి, అడవి బొమ్మలు వేసుకుంటూ బతకడం సాధ్యమేనా? ఎవరైనా చేశారా?

సాధ్యమే, నేను చేస్తున్నాను. కాకపోతే ఆ "మానేసి" అన్న మాట దగ్గర నాకు కొంచెం పేచీ ఉంది. అది తర్వాత చెప్తాను.

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. హైదరాబాద్‌లో 14 ఏళ్లు ఆడిట్లు చేశాను. 2016లో ఒక శుక్రవారం కుటుంబంతో శ్రీశైలం బయల్దేరాం. ఆఫీసులో నా వల్లే ఆలస్యమై, మన్ననూరు చెక్‌పోస్టుకి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అక్కడి నుంచి రోడ్డు అమ్రాబాద్ పులుల అడవిలోంచి పోతుంది కాబట్టి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తారు. బతిమాలాం, కుదరలేదు. నలుగురం కారులోనే పడుకున్నాం. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ తెల్లారుజామున, నల్లటి ముద్దలా ఉన్న అడవిలోంచి చెట్లు ఒక్కొక్కటే విడివడి కనబడటం మొదలైంది. ఆ అరగంట నా బుర్రలోంచి పోలేదు. ఇంటికొచ్చి మా పాప వాటర్ కలర్ డబ్బా తీసుకుని కూర్చున్నాను. అంతరాత్మ పిలుపు లాంటిదేమీ వినబడలేదు.

అక్కడి నుంచి మూడేళ్లు శనివారాలన్నీ నల్లమలలోనే. 2019లో రాజీనామా చేశాను.

మొదటి ఏడాది వేసినవన్నీ చెత్త. ఎండాకాలంలో నల్లమలలో వాటర్ కలర్ వేయడమంటే ఏంటో వేసినవాళ్లకే తెలుస్తుంది. ఆకాశానికి పూత మొదలుపెట్టి రెండో అంచుకు వచ్చేలోపు మొదటి అంచు ఎండిపోయి గీత పడుతుంది. ఖరీదైన కాటన్ కాగితాలు ఎన్ని పాడుచేశానో లెక్క రాసుకున్నాను, అలవాటు పోదు కదా. ఆ అంకె ఇంట్లో చెప్పలేదు.

ఆ ఏప్రిల్‌లోనే, రోడ్డు పక్కనున్న ఒక పెంట దగ్గర తపసి చెట్టు వేస్తున్నాను. పెంట అంటే చెంచుల గూడెం, నవ్వకండి. తపసి ఎండాకాలంలో ఒక్క ఆకు లేకుండా, తెల్లటి బెరడు కాగితం పొరల్లా ఊడిపోతూ నిలబడి ఉంటుంది. వెన్నెల్లో చూస్తే దయ్యమే. మూడు గంటలు కూర్చుని వేశాను. బాగా వచ్చిందని నాకే ముచ్చటేసింది. ఈలోగా ఒక చెంచు పెద్దాయన వచ్చి వెనకాల నిలబడ్డాడు. చాలాసేపు చూసి అడిగాడు.

"ఇది ఏం చెట్టు సారూ?"

"తపసి. అదిగో, ఆ చెట్టే."

"ఆ చెట్టు గాదు ఇది. గాట్లేవీ?"

నన్ను లేపి చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. జిగురు కోసం గాటు పెట్టిన చోటల్లా బెరడు మానిపోయి, పెదవుల్లా మందం కట్టి ఉంది. కింద గాటు పాతది. మీదున్నది నాలుగేళ్ల కింద వాళ్ల మామ పెట్టింది. పక్కనున్నది ఎవరో పని తెలియనివాడు మరీ లోతుగా కొట్టింది, అందుకే ఆ వైపు కొమ్మ ఎండింది. ఆ ఎండు కొమ్మని నేను "కంపోజిషన్ కోసం" తీసేశాను! గాట్లు అందంగా లేవని అవీ తీసేశాను. ఆ జిగురును గిరిజన సహకార సంస్థ కొంటుంది, విదేశాల్లో కట్టుడు పళ్లు అంటించే పొడిలో కూడా వాడతారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మూడు గంటలు చూసి కూడా నేను చెట్టును చూడలేదని మాత్రం అప్పుడే అర్థమైంది. ఆడిట్‌లో అయితే సరిపోలని అంకెను ముందు పట్టుకునేవాణ్ణి. ఇక్కడ దాన్నే చెరిపేశాను.

ఇక ఆ పేచీ సంగతి. ఉద్యోగాన్ని తన్నేసి అడవికి పోయాడు, జీవితం దొరికింది అని వాట్సాప్‌లో వచ్చే కథలు చూస్తే నాకు ఒళ్లు మంట. పారిస్‌లో ఆంరీ రూసో అని సుంకాల ఆఫీసు ఉద్యోగి ఉండేవాడు. తన మొదటి అడవి బొమ్మ 1891లో, ఉద్యోగంలో ఉండగానే వేశాడు. 49 ఏళ్లకు, 1893లో ఉద్యోగం మానేశాడు. ఫ్రాన్స్ దాటి ఎక్కడికీ పోలేదు, అక్కడి గాజు ఇళ్లలో పెంచే మొక్కలు చూసి పులుల అడవులు వేశాడు. ఆయనకు చెల్లింది, మనకు చెల్లదనుకోండి. కానీ జీతం అడ్డొచ్చి బొమ్మ ఆగిపోయిందని మాత్రం ఎవరూ నాకు చెప్పకండి.

నేనూ పూర్తిగా మానలేదు. వానాకాలం జూలై నుంచి సెప్టెంబర్ దాకా అమ్రాబాద్‌లో సఫారీ మూసేస్తారు. ఆదాయపు పన్ను రిటర్నుల గడువు మామూలుగా జూలై 31, ట్యాక్స్ ఆడిట్ గడువు సెప్టెంబర్ 30. అంటే అడవి మూసిన మూడు నెలలే మా వృత్తికి పెళ్లిళ్ల సీజన్! ఆ మూడు నెలలు పాత క్లయింట్ల లెక్కలు చూస్తాను. ఇంటి ఖర్చులో సగం అందులోంచే వస్తుంది, మిగతాది మా ఆవిడ టీచర్ జీతం. బొమ్మల డబ్బుతో ఫ్రేములు, పెట్రోలు గడుస్తాయి. ఫ్రేములవాళ్ల గురించి మొదలుపెడితే ఇంకో జవాబు రాయాలి, వదిలేస్తున్నాను.

కొనేవాళ్లు అడిగేది ఒక్కటే: "పులి లేదా?" తపసి, నల్లమద్ది, తునికి, ఇవేవీ వాళ్ల హాల్లో సోఫా మీదికి పనికిరావట. ఇన్నేళ్లలో నేను పులిని చూసింది రెండుసార్లు, అదీ రోడ్డు దాటుతుంటే వెనక భాగం. ఆ లెక్కన నిజాయితీగా వేస్తే తోక ఒక్కటే వేయాలి. అయినా పులి బొమ్మలు వేసి అమ్ముతున్నాను, ఒప్పుకుంటున్నాను. అవి ఆ పెద్దాయనకు మాత్రం ఇంతవరకు చూపించలేదు.