ఆటల ప్రశ్నలు - జవాబులు: ఆర్సెనల్ నుంచి ఎవర్ని, ఎన్నో వంతులో?

ప్రశ్న: అన్నా, మేం ఎనిమిది మంది ఫ్రెండ్స్, అందరిదీ కొర్లగుంట చుట్టుపక్కలే. ఈసారి (2025-26) ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌కి డ్రాఫ్ట్ పద్ధతిలో ఫాంటసీ ఆడుతున్నాం, అంటే నిజం ప్లేయర్లని వంతులవారీగా ఎంచుకుని, వాళ్ల ఆటని బట్టి పాయింట్లు లెక్కేసుకుంటాం. ఒకరు తీసుకున్న ప్లేయర్ ఇంకొకరికి ఉండడు, ఒక్కొక్కరికి పదిహేను మంది. పాయింట్లు ఫాంటసీ ప్రీమియర్ లీగ్ లెక్కే. చీటీలు వేస్తే నాకు ఐదో నంబర్ వచ్చింది. వరస ఎనిమిదో వాడి దాకా వెళ్లి, మళ్లీ వాడి దగ్గర నుంచే వెనక్కి తిరుగుతుంది. నేను ఆర్సెనల్ జట్టు ఫ్యాన్‌ని. అందులో ఎవర్ని ముందు పట్టుకోవాలి, ఎవరి కోసం ఆగొచ్చు? ఆదివారమే డ్రాఫ్ట్, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ముందు నీ చీటీ సంగతి చూద్దాం. డ్రాఫ్ట్‌లో ఎవరు గొప్ప ప్లేయర్ అన్నదాని కంటే నీ వంతు ఎప్పుడొస్తుందన్నదే ముఖ్యం. ఐదో నంబర్ అంటే నీకు 5, 12, 21, 28 వంతులు వస్తాయి. ఐదుకీ పన్నెండుకీ మధ్య ఆరుగురు పోతారు, పన్నెండుకీ ఇరవై ఒకటికీ మధ్య ఎనిమిది మంది పోతారు. కాబట్టి ప్రతి ప్లేయర్ దగ్గరా ఒకటే అడుగు: వీడు నా తర్వాతి వంతు దాకా మిగులుతాడా? మిగులుతాడనుకుంటే ఇప్పుడే తీసుకోవద్దు, అభిమానం ఎంత ఉన్నా సరే.

ఐదో వంతుకి వేరే జట్ల స్టార్లు సలా, హాలండ్, పామర్ పోయి ఉంటారని అనుకుంటున్నా. అప్పుడు ఆర్సెనల్ కుడివైపు ఆడే సాకాని తీసుకో, రెండో ఆలోచన వద్దు. 2023-24లో లీగ్‌లో 16 గోల్స్, 9 అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు). పోయిన సీజన్లో (2024-25) 6 గోల్స్, 10 అసిస్టులే కదా అని మీవాళ్లు అంటారు, కానీ ఆ సంఖ్య వెనక కథ చూడాలి. డిసెంబర్‌లో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పోయి మూడు నెలలకు పైగా బయట కూర్చున్నాడు, ఆడింది 25 మ్యాచ్‌లే. 25 మ్యాచ్‌ల్లో పది అసిస్టులంటే మామూలు విషయం కాదు. పైగా మిడ్‌ఫీల్డర్ కింద లెక్క కాబట్టి గోల్‌కి 5 పాయింట్లు, అదే ఫార్వర్డ్‌కైతే 4. కుడివైపు కార్నర్లు అతనివి, ఇన్నాళ్లూ పెనాల్టీలు కూడా ఎక్కువగా అతనివే. ఇంకో సంగతి: 2025 డిసెంబర్ 21 నుంచి 2026 జనవరి 18 దాకా మొరాకోలో ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ కప్ ఉంది. సలా ఈజిప్టుకి ఆడటానికి వెళ్తాడు. ఆర్సెనల్ ముఖ్య ప్లేయర్లలో దానికి పోయేవాళ్లు లేరు. బదిలీలు తక్కువగా దొరికే డ్రాఫ్ట్‌లో ఆ నెల చాలా విలువైనది.

ఇక ఆర్సెనల్‌కి కొత్తగా వచ్చిన స్ట్రైకర్ గ్యోకెరెష్. అందరి కళ్లూ ఇతని మీదే ఉంటాయి. పోయిన సీజన్ పోర్చుగల్ లీగ్‌లో స్పోర్టింగ్‌కి 33 మ్యాచ్‌ల్లో 39 గోల్స్ కొట్టాడు. వీడియోలు చూసి ఎవడో ఒకడు మూడో నాలుగో వంతుకే లాగేస్తాడు, లాగనీ. అతను ఒకప్పుడు బ్రైటన్‌లో ఉండి కూడా ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. తర్వాత కొవెంట్రీలో, రెండో డివిజన్లో పేరు తెచ్చుకున్నాడు. మంచి స్ట్రైకరే, నాకు అనుమానం లేదు, కానీ కొత్త జట్టు, కొత్త లీగ్, మొదటి రెండు నెలలు ఎలా ఉంటాయో చూడకుండా మొదటి వంతు పెట్టడం నాకు నచ్చదు. అయితే పన్నెండో వంతుకి మిగిలి ఉంటే మాత్రం తీసేసుకో. ఎందుకంటే మీ ఎనిమిది మందికి కలిపి 24 మంది ఫార్వర్డ్‌లు కావాలి, లీగ్‌లో ఉన్నది ఇరవై జట్లు, చాలా జట్లు ఒక్క స్ట్రైకర్‌తోనే ఆడతాయి. అంటే రోజూ ఆడే ఫార్వర్డ్‌లు మీకే చాలరు. చివర్లో మీలో ఎవరో ఇద్దరు ముగ్గురు బెంచీ మీద కూర్చునే ఫార్వర్డ్‌లతో సీజన్ గడపాల్సి వస్తుంది, అది నువ్వు కాకూడదు.

ఆర్సెనల్ ఇంకో ఫార్వర్డ్ హావర్ట్జ్ విషయంలో అందుకే జాగ్రత్త. గ్యోకెరెష్ వచ్చాక ఇతనికి ప్రతి వారం తొంభై నిమిషాలు దొరకడం కష్టం. 60 నిమిషాలు దాటి ఆడితే 2 పాయింట్లు, లోపల అయితే 1. ఆ ఒక్క పాయింట్ తేడా 38 మ్యాచ్‌లు కలిపితే ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో. మార్టినెల్లి, ట్రోసార్డ్, మదుయెకె ముగ్గురూ ఇదే బాపతు. ముగ్గురూ బాగా ఆడతారు, కానీ ఎడమవైపు స్థానం ఒక్కటే, ఈ వారం ఎవరన్నది కోచ్ ఆర్టెటా మనసులో ఉంటుంది. పదో రౌండ్ తర్వాత చూసుకో. ఓడెగార్డ్ అంటే నాకు చాలా ఇష్టం, అతని పాస్ చూడటానికే మ్యాచ్ పెట్టుకుంటాను. అయినా 2022-23లో 15 గోల్స్ కొట్టినవాడు పోయిన సీజన్లో 3కి వచ్చాడు. ఎనిమిదో రౌండ్ లోపల వద్దు.

డెక్లన్ రైస్‌ని 28వ వంతుకి రాసిపెట్టుకో. ఎడమవైపు కార్నర్లు అతనివి. నిమిషాలకి ఢోకా లేదు. ఈ సీజన్ కొత్తగా వచ్చిన డిఫెన్స్ పాయింట్లు (ట్యాకిల్స్ లాంటివాటికి ఇచ్చేవి) కూడా అతనికి పనికొస్తాయి. ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్ మీద కొట్టిన ఆ రెండు ఫ్రీ కిక్కులు గుర్తుపెట్టుకుని మీవాళ్లు ముందే లాగొచ్చు, కానీ ఛాంపియన్స్ లీగ్ గోల్స్‌కి మన ఆటలో పాయింట్లు లేవు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా: ఆర్సెనల్ నుంచి నలుగురి కంటే ఎక్కువ వద్దు. మొదటి ఆరు మ్యాచ్‌ల్లోనే మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, న్యూకాజిల్ గ్రౌండ్‌లకి వెళ్లాలి, మాంచెస్టర్ సిటీ ఆర్సెనల్ గ్రౌండ్‌కి రావాలి. జట్టు ఓడిన రోజు అందరూ కలిసి ఓడతారు. పైగా పోయిన సీజన్లో సాకా, మార్టినెల్లి, హావర్ట్జ్, గాబ్రియేల్, నలుగురికీ హ్యామ్‌స్ట్రింగే పోయింది. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకి తెలుసు, గాలిగోపురం దాకా పరుగెత్తినవాడు మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుండిపోతాడు. మే నెల దాకా నడవగలిగే జట్టు కావాలి నీకు.

ప్రశ్న: సార్, మూడో రౌండ్‌లో ఆర్సెనల్ గాబ్రియేల్‌ని తీసుకుంటానంటే మా లీగ్‌లో అందరూ నవ్వారు. గోల్స్ కొట్టేవాళ్లుండగా డిఫెండరెందుకు అంటున్నారు. నాది తప్పా?
— బట్టల కొట్టు నడిపే పాఠకుడు, చిత్తూరు

జవాబు: తప్పు కాదు. ఈ ప్రశ్నకి జవాబు రాయడం నాకు సంతోషం, ఎందుకంటే కాలేజీలో నేను స్టాపర్ బ్యాక్‌గానే ఆడాను. మ్యాచ్ గెలిస్తే గోల్ కొట్టినవాడిని భుజాలకెత్తుకునేవాళ్లు, గోల్ పడకుండా ఆపినవాడి పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. ఫాంటసీలో ఆ అన్యాయం లేదు. గోల్ పడకపోతే డిఫెండర్‌కి 4 పాయింట్లు, అంటే ఫార్వర్డ్ కొట్టే గోల్‌తో సమానం. డిఫెండరే గోల్ కొడితే 6.

ఆర్సెనల్ మీద 2023-24లో 29 గోల్స్, 2024-25లో 34 గోల్స్ మాత్రమే పడ్డాయి. రెండు సీజన్లూ లీగ్‌లో అన్నిటికంటే తక్కువ వాళ్లకే. వాళ్ల కీపర్ రాయా రెండుసార్లూ గోల్డెన్ గ్లవ్ (ఎక్కువ మ్యాచ్‌ల్లో గోల్ పడకుండా ఆపిన కీపర్‌కి ఇచ్చేది) తీసుకున్నాడు, రెండోసారి ఫారెస్ట్ కీపర్ సెల్స్‌తో పంచుకున్నాడు. కొట్టిన గోల్స్ లెక్క చూస్తే ఆర్సెనల్ 91 నుంచి 69కి పడిపోయింది, డిఫెన్స్ మాత్రం దాదాపు అలాగే నిలబడింది. కాబట్టి ఈ జట్టులో నమ్మకమైన సరుకు వెనకే ఉంది.

ఆ వెనక ఉన్నవాళ్లలో గాబ్రియేల్ ఎందుకంటే కార్నర్లు. సెట్ పీస్ (కార్నర్లు, ఫ్రీ కిక్కులు) కోచ్ నికొలాస్ జోవర్ 2021లో వచ్చినప్పటి నుంచీ ఆర్సెనల్ కార్నర్ అంటే ఎదుటి జట్టుకి భయమే. సాకా, రైస్ ఇద్దరూ బంతిని గోల్ వైపు తిప్పి వేస్తారు, దానికోసం గాబ్రియేల్ దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలపెడతాడు. 2023-24లో 4, పోయిన సీజన్లో 28 మ్యాచ్‌ల్లోనే 3 గోల్స్. ఈ సీజన్ నుంచి ట్యాకిల్స్, ఇంటర్‌సెప్షన్లు, బ్లాకులు, క్లియరెన్సులు కలిపి పది చేసిన డిఫెండర్‌కి ఇంకో 2 పాయింట్లు వస్తాయి. పక్కన ఆడే డిఫెండర్ సాలిబా ఏం తక్కువ తినలేదు, 2023-24లో లీగ్‌లో ఒక్క నిమిషం కూడా వదలకుండా ఆడాడు, కానీ గోల్స్ దగ్గర గాబ్రియేల్‌దే పైచేయి. ఇంకో డిఫెండర్ టింబర్ రెండు మూడు రౌండ్లు ఆలస్యంగా కూడా దొరకొచ్చు. ఇద్దరు డిఫెండర్లనీ ఇదే జట్టు నుంచి తీసుకుంటే మాత్రం, ఒక్క గోల్ పడగానే రెండు నాలుగులు పోతాయని తెలిసే తీసుకోండి. కీపర్ కోసం తొందరపడొద్దు. రాయా తొమ్మిదో రౌండ్‌లో దొరికితే మంచిదే, లేకపోతే వేరేవాడు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. పుస్తకం నిండా ఫుట్‌బాల్ ప్లేయర్ల పేర్లే రాస్తున్నాడు. ఈ ఫాంటసీ ఆటలో డబ్బులు పెట్టాలా? రాత్రంతా మేలుకోవాలా?
— ఒక తల్లి, రేణిగుంట

జవాబు: అమ్మా, అధికారిక ఫాంటసీ ప్రీమియర్ లీగ్ పూర్తిగా ఉచితం, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. డబ్బు పందెంతో ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే చట్టం తెచ్చి నిషేధించింది. అలాంటి యాప్ ఏదైనా అతని ఫోన్‌లో ఉంటే వెంటనే తీయించండి. నిద్ర సంగతికొస్తే, ఆర్సెనల్ మొదటి మూడు మ్యాచ్‌లు మన టైం ప్రకారం 2025 ఆగస్టు 17 ఆదివారం రాత్రి 9కి, 23 శనివారం రాత్రి 10కి, 31 ఆదివారం రాత్రి 9కి ఉన్నాయి. ఒక్కో మ్యాచ్ రెండు గంటల్లో అయిపోతుంది. మిగతా జట్ల అర్ధరాత్రి మ్యాచ్‌లు చూడకపోయినా ఏం నష్టం లేదు, పాయింట్లు పొద్దున్నే కనిపిస్తాయి. అతను చేయాల్సిందల్లా ఆ వారం మొదటి మ్యాచ్‌కి గంటన్నర ముందే తన పదకొండు మందిని సరిచూసుకోవడం, దానికి పది నిమిషాలు చాలు.