బ్లేడు కత్తితో గడ్డం గీసుకోవడం

మాంబళం, చెన్నై

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

సెలూన్లలోలా సగం బ్లేడు పెట్టి గీసుకునే బ్లేడు కత్తి కొన్నావని మీ అమ్మ చెప్పింది. ముందు నీళ్ళ సంగతి చూసుకో. మీ వేళచ్చేరి గదిలో బోరు నీళ్ళు కదా, ఉప్పు నీళ్ళకి సబ్బు నురగ కట్టదు, తెట్టు కడుతుంది. తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్ళు అర గ్లాసు వెచ్చబెట్టుకో, బ్రష్షుకి అవి చాలు. నురగ మీగడలా ఉండాలి. బుడగలు కనిపిస్తుంటే ఇంకాసేపు తిప్పు.

బ్లేడుని కాగితం విప్పకుండానే రెండు పదునులూ కలిసేలా పొడుగునా మడిచి విరువు. సగం ముక్క కత్తిలో పెట్టాక రెండు కొసలూ సమానంగా బయటికొచ్చాయా చూసుకో. ఒక మూల పొడుచుకొస్తే గాటు పడేది అక్కడే.

ఇక ఎడమచెయ్యి. చెవి ముందు చర్మాన్ని వేళ్ళతో పైకి లాగి బిగించు. వదులు చర్మం బ్లేడు ముందు మడతపడుతుంది, ఆ మడతే తెగుతుంది. కత్తిని చెంపకి పడుకోబెట్టి వెన్ను మెల్లగా లేపుతూ రా. 30 డిగ్రీల దగ్గర వెంట్రుకలు తెగే చరచర వినిపిస్తుంది, అక్కడ ఆగు. ఇంకా లేపావా, చర్మాన్ని గోకేస్తుంది. నొక్కొద్దు బాబూ. పాతకాలం మంగలి కత్తికున్న బరువు దీనికి లేదు, ఆ బరువు నీ చేత్తో వెయ్యాలని చూస్తే రక్తమే. అంగుళం మించని చిన్న గీతలు చాలు. చర్మం మీద ఆనించాక కత్తిని పక్కకి మాత్రం జరపకు.

మొదటి వారం చెంపలు మాత్రమే గీసుకో, మిగతాది మామూలు రేజరుతో కానివ్వు. మెడ మీద వెంట్రుకలు ఒక్కో చోట ఒక్కో వైపు తిరిగి ఉంటాయి, తడిమి చూసి వాలు వెంటే వెళ్ళు. గొంతుముడి దగ్గర చర్మాన్ని పక్కకి లాగి, ముడి మీదనుంచి తప్పించి గీయి. గడ్డం కొసకి కింది పెదవిని పళ్ళ మీదికి మడుచుకో. వాలుకి ఎదురు గీత నెల దాకా వద్దు.

తర్వాత చన్నీళ్ళు, తడిపిన పటిక. అర నిమిషం ఉంచి కడిగెయ్యి. సగం బ్లేడు రెండు మూడుసార్లకి మించి వాడకు, లాగుతోందనిపిస్తే అప్పుడే మార్చు. సెలూనుకి వెళ్ళినా కొత్త బ్లేడు నీ ఎదుటే విరవమను. పచ్చకామెర్ల వైరస్‌లలో హెపటైటిస్ బి, సి రక్తంతో అంటుకుంటాయి, ఇందులో మొహమాటం వద్దు. వాడిన ముక్కలు చెత్తబుట్టలో వెయ్యకు, కార్పొరేషన్ వాళ్ళు చేత్తో తీస్తారు. పాత పౌడరు డబ్బాలో వేస్తూ ఉండు, నిండాక మూత బిగించి టేపు చుట్టి ఇవ్వు.

మీ పెదనాన్న