బొంగరంలా తిరగాలి, బరమాలా కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో (చేయి కిందినుంచి తిప్పి బంతిని వేగంగా వేసే, బేస్‌బాల్ లాంటి ఆట) స్క్రూబాల్ గురించే, అంటే పిచర్ వేసే చేతి వైపుకే వంగే బంతి గురించే. జవాబులన్నీ కుడిచేతి పిచర్‌ని (బంతి వేసేవాళ్లని) దృష్టిలో పెట్టుకుని రాశాం. ఎడమచేతి వాళ్లు కుడి అన్నచోట ఎడమ అని చదువుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. గంటకు 54 మైళ్ల వేగంతో వేస్తుంది. మూడు నెలలుగా స్క్రూబాల్ నేర్చుకుంటోంది. చేయి బాగానే తిప్పుతోంది కానీ బంతి వంపు తిరగడం లేదు, బయల్దేరిన దారినే పోతోంది. బేస్‌బాల్ వీడియోలు చూసి కూడా ప్రయత్నిస్తోంది. లోపం ఎక్కడుంది?
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ముందుగా ఆ బేస్‌బాల్ వీడియోలు మాన్పించండి. పేరు ఒకటే అయినా చేతి పని వేరు. బేస్‌బాల్‌లో చేయి పైనుంచి వస్తుంది, బొటనవేలు కిందికి దిగేలా మణికట్టు తిరుగుతుంది. సాఫ్ట్‌బాల్‌లో చేయి కిందినుంచి వస్తుంది, మణికట్టు దానికి ఎదురు దిక్కులో, తాళంచెవిని కుడికి తిప్పినట్టు తిరుగుతుంది. పైగా బేస్‌బాల్‌లో స్క్రూబాల్‌తో పేరు తెచ్చుకున్న పిచర్లు కార్ల్ హబ్బెల్, ఫెర్నాండో వాలెన్జ్వేలా ఇద్దరూ ఎడమచేతి వాళ్లు. వాళ్లని చూసి కుడిచేతి అమ్మాయి నేర్చుకోబోతే రెండింతలు తికమక.

ఇక అసలు సంగతి. స్క్రూబాల్ కుడిచేతి బ్యాటర్ ఒంటి వైపు వంగాలంటే బంతి నిలబడ్డ బొంగరంలా తిరగాలి. అంటే పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున. అప్పుడే గాలి దాన్ని పిచర్‌కి కుడికి నెడుతుంది. చాలామంది పిల్లలు వేసే బంతి మాత్రం చెక్కకు బెజ్జం వేసే వడ్రంగి బరమాలా, పోయే దిక్కునే ఇరుసుగా చేసుకుని తిరుగుతుంది. అలా ఎంత జోరుగా తిరిగినా పక్కకి లాగే బలం పుట్టదు. మీ అమ్మాయి విషయంలో జరుగుతున్నదీ ఇదే అయ్యుంటుంది.

తేడా అంతా వేళ్లు ఎటు చూస్తున్నాయన్న దాంట్లో ఉంది. బంతి వదిలే క్షణానికి వేళ్లు బ్యాటర్ వైపు చాచి ఉండి మణికట్టు తిరిగితే బరమా తిరుగుడే వస్తుంది. చేయి తొడ పక్కన నిటారుగా వేలాడుతూ, వేళ్లు నేలను చూస్తుండగా మణికట్టు తిరిగితే బొంగరం తిరుగుడు వస్తుంది. అప్పుడు అరచేయి తొడ వైపు నుంచి ముందుకు, ముందు నుంచి మూడో బేస్ వైపుకు, అంటే పిచర్‌కి కుడివైపుకు తిరుగుతుంది. బొటనవేలు బంతి కుడి పక్కను వెనక్కి లాగుతుంది, మిగతా వేళ్లు ఎడమ పక్కను ముందుకు తోస్తాయి. ఇదంతా బంతి చేతిలో ఉండగానే జరగాలి. బంతి వెళ్లిపోయాక చేయి ఎంత అందంగా తిరిగినా లాభం లేదు. చివర్లో చేయి ఎలా ఆగిందో చూసి "బాగా తిప్పావు" అని మెచ్చుకునే కోచ్‌లు ఇక్కడే పొరబడతారు.

బంతిని అరచేతిలోకి దూర్చి పట్టుకోకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు ఒక కుట్టు మీద, బొటనవేలు ఎదురుగా ఉన్న కుట్టు మీద ఆనించాలి. పట్టు వేళ్ల కొసల్లో ఉండాలి. బంతికీ అరచేతికీ మధ్య కాస్త వెలుతురు కనపడాలి.

బంతి ఎలా తిరుగుతోందో కంటితో తేల్చుకోవడం కష్టం, కాబట్టి ఇలా చేయండి. బంతి నడుం చుట్టూ అంగుళం వెడల్పున నల్ల టేపు చుట్టండి. వదిలేటప్పుడు ఆ పట్టీ నేలకు సమాంతరంగా ఉండేలా పట్టుకోమనండి. మీరు క్యాచర్ వెనక వల అవతల నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. బంతి వస్తున్నంతసేపూ పట్టీ అడ్డగీతలా కదలకుండా కనిపిస్తే తిరుగుడు సరైనది. గడియారం ముల్లులా గిర్రున తిరుగుతూ కనిపిస్తే అది బరమా. కొంచెం ఒరిగి ఊగుతూ కనిపిస్తే దారిలో పడినట్టే, చాలామంది మంచి పిచర్లకు కూడా ఇరుసు పూర్తిగా నిటారుగా రాదు.

సాధన 10 అడుగుల నుంచి మొదలుపెట్టండి. చేతిని గుండ్రంగా తిప్పే చుట్టు వద్దు. చేయి వేలాడేసి మణికట్టుతో మాత్రమే 20 బంతులు. పట్టీ నిలకడగా కనిపించాక 20 అడుగులకు, సగం చుట్టుతో. పూర్తి దూరమైన 43 అడుగులకు వెళ్లాక పట్టీ మళ్లీ గిర్రున తిరగడం మొదలవుతుంది, కంగారు పడొద్దు. వేగం కోసం మోచేయి ఎగరేయడమే దానికి కారణం. 20 అడుగులకు తిరిగి రండి.

ప్రశ్న: మా స్కూల్ జట్టు పిచర్ స్క్రూబాల్ కోసం ఎడమవైపు అడుగు వేస్తుంది. మ్యాచ్‌లో అంపైర్ మూడుసార్లు ఇల్లీగల్ పిచ్ (నిబంధనకు విరుద్ధమైన బంతి) ఇచ్చారు. అడుగు పక్కకి వేయకపోతే చేయి తుంటికి తగులుతోంది. ఏం చేయాలి?
– ఒక పీఈటీ, నిజామాబాద్ జిల్లా

జవాబు: పిచర్ నిలబడే పలక, అంటే పిచింగ్ ప్లేట్ పొడవు 24 అంగుళాలు. ముందుకు వేసే అడుగు ఆ 24 అంగుళాల వెడల్పులోనే పడాలి. మీ పిచర్ బహుశా ప్లేట్ ఎడమ చివర నిలబడి ఇంకా ఎడమకు అడుగేస్తోంది. ప్లేట్ రెండు చివర్ల నుంచి ముందుకు 8 అడుగుల దాకా సున్నంతో రెండు గీతలు గీయించండి. మధ్యకు కాస్త కుడిగా నిలబెట్టి, నేరుగా పడాల్సిన చోటుకి 4 నుంచి 6 అంగుళాలు ఎడమగా అడుగు వేయించండి. అంత చాలు. ప్రతి బంతికీ అదే చోట నిలబడాలి, లేకపోతే బ్యాటర్ పిచర్ కాళ్లు చూసే బంతిని పసిగడుతుంది.

చేయి తుంటికి తగలడానికి అడుగు ఒక్కటే కారణం కాదు. నడుం తొందరపడి బ్యాటర్ వైపు తిరిగి మూసుకుపోతోంది. బంతి వదిలేదాకా నడుం సగం తెరిచే, అంటే సుమారు 45 డిగ్రీల్లో ఉండాలి. అప్పుడు చేతికి దారి దొరుకుతుంది. తలను ఎడమకు మరీ వాల్చేసినా నష్టమే, వేగం పోయి బంతి పైకి లేస్తుంది.

ప్రశ్న: స్క్రూబాల్ ఇప్పుడు బాగానే వంగుతోంది. కానీ మ్యాచ్‌లో వేస్తే గట్టిగా కొట్టేస్తున్నారు. ఎప్పుడు వేయాలి? (వయసు 16)
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ఎప్పుడు వేశావన్న దానికన్నా ఎక్కడ మొదలుపెట్టావన్నది ముఖ్యం. హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీద ఉండే పలక) మధ్యకు గురిపెట్టి "అదే లోపలికి వంగుతుందిలే" అనుకుంటే, ఒక్కోసారి వంగకుండా నడుమెత్తున మధ్యలోనే ఉండిపోతుంది. ఆ బంతే కంచె దాటుతుంది. ప్లేట్ లోపలి అంచుకు, అంటే బ్యాటర్ వైపు అంచుకు గురిపెట్టు, అక్కడినుంచి వంగి బ్యాటర్ చేతుల దగ్గరికి చేరాలి. క్యాచర్‌ని గ్లవ్ అంచుకి అవతలే పెట్టమను. బ్యాట్ పిడికి తగిలితే మూడో బేస్ వైపు నీరసంగా దొర్లుతుంది.

ప్లేట్ మీదికి ఒరిగి నిలబడే కుడిచేతి బ్యాటర్‌కి ఇది బాగా పనిచేస్తుంది. అంతకుముందు బంతి బయటి అంచుకి వేసి ఉంటే ఇంకా మంచిది. రెండు స్ట్రైక్‌లు పడ్డాక వెయ్యి (మూడోది పడితే బ్యాటర్ ఔట్), మూడు బాల్స్ ఉన్నప్పుడు వద్దు (నాలుగోది పడితే ఆమెకు మొదటి బేస్ ఊరికే దక్కుతుంది). పరిగెత్తుతూ కొట్టే ఎడమచేతి స్లాపర్‌కి ఇదే బంతి దూరంగా జరుగుతుంది. ఆమె మొదటి బేస్ వైపు కదిలిపోతుంటే బ్యాట్ అందదు, అందినా కొసకి తగులుతుంది. ఆ బంతి మూడో బేస్ వైపే వస్తుంది కాబట్టి మూడో బేస్ అమ్మాయినీ షార్ట్‌స్టాప్‌నీ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే అమ్మాయినీ) ముందుకు రమ్మని, అప్పుడు వెయ్యి.

ప్రశ్న: మా పాపకి 11 ఏళ్లు. స్క్రూబాల్ వేసిన రోజు మోచేయి లోపలివైపు నొప్పి అంటోంది. కొనసాగించవచ్చా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: వద్దండీ, ఇవాళే ఆపేయండి. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి ఆ వయసు చేతికి పెద్దది. వేళ్ల కొసల్లో నిలవక అరచేతిలోకి పోతుంది, దాన్ని తిప్పడానికి మోచేయి బయటికి పోతుంది. నొప్పి అక్కడినుంచే. వారంలో తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కి చూపించండి. తగ్గాక కూడా ఫాస్ట్‌బాల్, చేంజప్ (నెమ్మది బంతి), తర్వాత డ్రాప్ (కిందికి దిగే బంతి). చెప్పిన మూలకి పదిలో ఏడు బంతులు పడేదాకా ఈ మూడే వేయనివ్వండి. స్క్రూబాల్ మాట హైస్కూల్లో చూసుకోవచ్చు.