వూఫర్ మూలలోంచి బయటికి వచ్చాకే పాట బాగుపడింది

శ్రీకాకుళంలో అద్దె ఇల్లు, పది బై పద్నాలుగు హాలు, నాన్నగారికి పాత పాటలు, అమ్మగారికి టీవీ అని రాశారు. ఒక సబ్‌వూఫర్ (మంద్ర శబ్దాల కోసం ఉండే పెద్ద పెట్టె, వూఫర్ అనేది దీన్నే), రెండు చిన్న స్పీకర్లు ఉన్న వైర్‌లెస్ సెట్ సరిపోతుందా, వూఫర్ ఎక్కడ పెట్టాలి అని అడిగారు. మాది విజయనగరం. దాదాపు అదే కొలతల హాల్లో, ఇదే పనికి, మూడేళ్లుగా అలాంటి సెట్టే వాడుతున్నాం. సరిపోతుందండి, నిజంగా సరిపోతుంది. కాకపోతే మేం మొదటి నెలంతా దాన్ని తప్పు చోట పెట్టి విన్నాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ‘వైర్‌లెస్’ సంగతి. ఆ మాట వినగానే వైర్లే ఉండవనుకుంటాం. చాలా సెట్లలో వైరు లేనిది ఫోనుకీ సెట్టుకీ మధ్య మాత్రమే, అంటే బ్లూటూత్. ఆంప్లిఫయర్ వూఫర్ పెట్టెలోనే ఉంటుంది, చిన్న స్పీకర్లకి అక్కణ్ణుంచి వైర్లు వెళ్తాయి. మాది ఈ రకమే. వూఫర్, వెనక స్పీకర్లు కూడా వైరు లేకుండా కలిసే సెట్లు ఉన్నాయి గానీ, బ్యాటరీవి తప్పిస్తే ప్రతి పెట్టెకీ కరెంటు కావాలి. అద్దె ఇంటి హాల్లో రెండు ప్లగ్ పాయింట్లుంటే గొప్ప కదా. కొనేముందు మీ హాల్లో స్విచ్ బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి.

సెట్ తెచ్చిన రోజు వూఫర్‌ని కాళ్లకి అడ్డం రాదని మూలలో, ఇనప బీరువా పక్కన పెట్టాం. నాన్నగారు ఘంటసాల పాట పెట్టమన్నారు. ఘంటసాల గారు చదువుకున్నది మా ఊరి మహారాజా సంగీత కళాశాలలోనే, ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాన్నగారు ఆ మాట అనకుండా ఉండరు. పాట మొదలవగానే బీరువా హ్యాండిల్ టకటకమని కొట్టుకుంది. పల్లవి పూర్తి కాకముందే నాన్నగారు టీవీ వైపు నుంచి మూలకి తిరిగి, “గొంతు అక్కణ్ణుంచి వస్తోందేట్రా?” అన్నారు. నిజమే. పై స్వరాలు టీవీ పక్కన చిన్న స్పీకర్లలో, మంద్రం మాత్రం బీరువా దగ్గర. ఒక్క మనిషి గొంతు రెండు ముక్కలైపోయింది. ఆయన ఇంకేమీ అనలేదు. రెండ్రోజులకి మళ్లీ తన పాత రేడియో దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన కోసమే కొన్నదాన్ని ఆయనే వినకపోతే నాకు చాలా కష్టమనిపించింది.

కారణం తర్వాత తెలిసింది. సుమారు 80 హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, ఎంత తక్కువైతే అంత మంద్రం) కంటే కిందున్న శబ్దం ఎటునుంచి వస్తోందో మన చెవి సరిగా పట్టలేదు. అందుకే వూఫర్ ఎక్కడున్నా ఫరవాలేదంటారు. కానీ అరచేతిలో పట్టేంత స్పీకర్లు అంత కిందికి దిగలేవు. రెండున్నర, మూడు అంగుళాల కోన్ (స్పీకర్లో కదిలి శబ్దం పుట్టించే గరాటు లాంటి పొర) ఉన్నవాటిలో చాలావరకు 120, 150 హెర్ట్జ్ దగ్గరే పని వూఫర్‌కి అప్పజెప్పేస్తాయి. మగవాళ్ల గొంతు తిరిగేది సరిగ్గా అక్కడే. దాంతో గొంతులో కొంత భాగం వూఫర్‌లోకి వెళ్లిపోతుంది, ఎటునుంచి వస్తోందో కూడా స్పష్టంగా తెలిసిపోతుంది. ఈ చిన్న స్పీకర్లు ఎంత చిన్నవైతే వూఫర్‌ని వాటికి అంత దగ్గరగా ఉంచాలి.

రెండోది గది. పద్నాలుగు అడుగుల పొడవున్న గదిలో 40 హెర్ట్జ్ దరిదాపుల్లో శబ్దం రెండు గోడల మధ్యా నిలబడిపోతుంది. గోడల దగ్గర హోరు, గది మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. మూలలో పెడితే ఇలాంటివన్నీ ఒకేసారి రేగుతాయి. మృదంగంలో ఎడమ చేతి దెబ్బలు విడివిడిగా వినపడక ఒకటే గుమ్‌గుమ్ అయిపోతుంది.

మందు సులువే. ఒక ఆదివారం వూఫర్‌ని తీసి నాన్నగారు కూర్చునే కుర్చీలో పెట్టాను. అలా పెట్టినప్పుడు మంద్రం ఎక్కడ బాగా వినిపిస్తే, వూఫర్‌ని అక్కడ పెడితే కుర్చీలోనూ అలాగే వినిపిస్తుంది. మృదంగం బాగా వినిపించే కచేరీ ఒకటి పెట్టి, నేను నేల మీద మోకాళ్లతో గోడ వెంబడి పాకుతూ, చెవి వూఫర్ ఎత్తులో ఉంచి విన్నాను. మూలలో హోరు. కిటికీ కింద పలచగా ఉంది. టీవీ బల్లకి ఎడమ పక్కన, మూలకి రెండడుగుల ఇవతల, దెబ్బ దెబ్బకీ మధ్య ఖాళీ తెలిసింది. వూఫర్‌ని తెచ్చి అక్కడ పెట్టి, బేస్ సగానికి తగ్గించాను. నాన్నగారిని పిలిచి అదే పాట పెట్టాను. చరణం అయ్యేదాకా కదలకుండా విని, ఇంకొకటి పెట్టమన్నారు.

టీవీకి మాత్రం బ్లూటూత్ వద్దండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు, కొన్నిసార్లు ఐదో వంతు ఆలస్యంగా వస్తుంది. పాటకి ఏం కాదు, సీరియల్లో పెదాలు ముందు, మాట వెనక. టీవీ శబ్దాన్ని వైరు మీద సెట్టుకి తెచ్చే హెచ్‌డీఎంఐ ఆర్క్ గానీ ఆప్టికల్ గానీ సాకెట్ ఉన్న సెట్ తీసుకోండి. ఆప్టికల్ పెట్టాక శబ్దమే రాకపోతే టీవీ ఆడియో సెట్టింగ్‌లో పీసీఎం ఎంచుకుని చూడండి. మాకు దీనివల్ల ఇంకో మేలు జరిగింది. కేబుల్ సెట్‌టాప్ బాక్స్ నుంచి మామూలు ఆడియో వైరు పెట్టినప్పుడు సన్నగా ‘మ్‌మ్’ అని కరెంటు మోత వచ్చేది. ఆప్టికల్ వైరులో నడిచేది వెలుగే, కరెంటు కాదు. పెట్టగానే ఆ మోత పోయింది.

మీరు మేడ మీదైతే వూఫర్ కింద మందపాటి రబ్బరు ముక్కలు వేయండి. కింద వాటాలో ఉండే పెద్దావిడ పైకొచ్చి “మంచం అదురుతోంది బాబూ” అన్నాక మేం వేశాం. రాత్రి తొమ్మిది దాటాక బేస్ ఇంకా తగ్గిస్తాం. తుపాను రోజుల్లో ప్లగ్ తీసేయండి, 2018లో తిత్లీ చూసిన ఊరివాళ్లకి అది నేను చెప్పక్కర్లేదు.

వాట్లు చూసేటప్పుడు పీఎంపీఓ (పెట్టె మీద గొప్పగా వేసే పెద్ద అంకె) వదిలేసి ఆర్‌ఎంఎస్ (సెట్ నిలకడగా ఇవ్వగల శక్తి) చూడండి. మీ హాలుకి 40 నుంచి 60 ఆర్‌ఎంఎస్ చాలు. షాపుకి నాన్నగారిని తీసుకెళ్లి, ఆయనకి బాగా తెలిసిన పాటే మీ ఫోన్లోంచి పెట్టించండి. షాపువాళ్లు బేస్ నిండా పెట్టి వినిపిస్తారు. దాన్ని పూర్తిగా తగ్గించమని, ముందు గొంతు ఒక్కటీ వినమనండి. టీవీ ఏ గోడకి ఉందో, నాన్నగారు ఎక్కడ కూర్చుంటారో రాస్తే వూఫర్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెబుతాను.