గోదావరి, కృష్ణా ప్రాంతాల మంచినీటి చేపలు ఎక్కడెక్కడ ఉంటాయి?

ఈ రెండు నదుల్లోనూ, వాటి కింది చెరువుల్లోనూ పెరిగే చేపల ఆవాసాన్ని అవి తినే తిండే చాలావరకు నిర్ణయిస్తుంది. బొచ్చె నీటి పైపొరలో సూక్ష్మజీవులను తింటుంది. శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున తిరుగుతాయి కనుకనే ఈ మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచుతారు. అయితే సహజంగా ఇవి నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు, వానాకాలపు వరద ప్రవాహం కావాలి.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను తీరు వేరు. నాచు, తూడు పెరిగిన లోతులేని చెరువులు, కొల్లేరు వంటి చిత్తడి నేలలు దానికి అనుకూలం. గాలిని నేరుగా పీల్చగలదు కాబట్టి, నీరు ఇంకిపోయినా తడి బురదలో కొంతకాలం బతుకుతుంది. మార్పు చేప కూడా అంతే. వాలుగ మాత్రం లోతైన నదీ మడుగుల్లో పొంచి ఉండి చిన్న చేపలను వేటాడుతుంది. ఇక పులసను మంచినీటి చేప అనడం సరికాదు. అది గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే వలస చేప.