మెల్లకన్ను ఉన్న బాబుకి లోతు పరీక్ష: రెండు చోట్ల రెండు రకాలుగా చెప్పారు, ఏది నమ్మాలి?

మీ బాబుకి అప్పుడప్పుడు ఒక కన్ను బయటికి పోతోందని, ఒకచోట లోతు (రెండు కళ్ళూ కలిసి ఏది ముందుంది, ఏది వెనకుంది అని పట్టడం) అసలు తెలియట్లేదన్నారని, నెల తిరక్కుండానే ఇంకోచోట బాగానే తెలుస్తోందన్నారని రాశారు. నేను విజయనగరంలో కళ్ళ పరీక్షలు చేసే పనిలోనే ఉన్నానండి. రెండూ నిజమే కావచ్చు. మొదటిచోట లోతు పరీక్ష ముందు చేశారా, ఒక్కో కన్నూ మూసి చూసే పరీక్ష ముందు చేశారా, అది గుర్తు తెచ్చుకోండి.

ఇలాంటి పిల్లల్లో రెండు కళ్ళూ కష్టపడి కలిసి చూస్తుంటాయి, మనం ఒక కన్ను మూసేసరికి ఆ పట్టు తప్పుతుంది, మళ్ళీ కుదురుకోడానికి టైం పడుతుంది. అందుకే లోతు పరీక్ష మొట్టమొదట చేయాలి. కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. చీపురుపల్లి నుంచి వచ్చిన ఏడేళ్ళ పాపకి అన్నీ చూశాక చివర్లో ఈగ బొమ్మ పుస్తకం ఇచ్చాను (లోతు తెలిసేవాళ్ళకి పోలరాయిడ్ అద్దాలతో ఆ ఈగ రెక్కలు కాగితం పైకి లేచినట్టు కనిపిస్తాయి), వేలు తిన్నగా కాగితానికే ఆనించింది, లోతు లేదని రాసేశాను. మా సీనియర్ మేడం భోజనాలయ్యాక పాపని మళ్ళీ కూర్చోబెట్టి, ముందుగా ఆ పుస్తకమే ఇచ్చారు. పోలరాయిడ్ అద్దాలు పెట్టి "రెక్క పట్టుకోమ్మా" అంటే, పాప వేళ్ళు కాగితానికి అంగుళం పైన, గాలిలోనే కలుసుకున్నాయి. "అమ్మో" అని చెయ్యి లాగేసుకుంది. నేను రాసింది కొట్టేసి మళ్ళీ రాశాను.

ఈగ ఒక్కటే చూసి బాగుందనేస్తే మాత్రం ఒప్పుకోకండి. అదే పుస్తకంలో వలయాల గుంపులుంటాయి, ఒక్కో గుంపులో పైకి లేచినట్టు కనిపించే ఒక్క వలయాన్ని చూపించాలి. అవి 800 నుంచి 40 ఆర్క్ సెకన్ల (చాలా చిన్న కోణాల కొలత) దాకా ఉంటాయి, అంకె తగ్గేకొద్దీ మంచిది. మొదటి రెండు మూడు ఒంటికన్నుతో కూడా పట్టేయొచ్చు, ఎందుకంటే ఆ వలయం కాస్త పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. అనుమానమొస్తే ఎరుపు, ఆకుపచ్చ అద్దాలతో చూసే చుక్కల పరీక్ష, టీఎన్ఓ, చేయమనండి, అందులో ఊహించడం చాలా కష్టం.

ఇంకోటి, ఈ పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చూసేది. మీ బాబులాంటి వాళ్ళకి దగ్గర బాగుండి దూరానికి తగ్గుతుంటుంది, కాబట్టి దూరానికి కూడా లోతు పరీక్ష చేయమని అడగండి. కంటిని తిప్పే కండరపు నరం బలహీనతతో తల వాల్చి చూసేవాళ్ళని, కనుగుడ్లు అదిరేవాళ్ళని కూడా వాళ్ళకి అలవాటైన తల వాలుతోనే ముందు చూడాలి, "తిన్నగా కూర్చో" అని సరిచేస్తే ఉన్న లోతు కూడా పోతుంది.

కళ్ళజోడు ఉంటే పెట్టించే పరీక్ష చేయించండి. పాత రిపోర్టులు రెండూ పట్టుకెళ్ళండి. సాయంత్రం అలిసిపోయినప్పుడు కన్ను పోతుంటే ఫోన్‌లో చిన్న వీడియో తీసి డాక్టరుగారికి చూపించండి, ఆ టైంలో పిల్లాడు క్లినిక్‌లో ఉండడు కదా.