డ్రయ్యర్ బిగించే ముందు: ఇక్కడి నల్ల తీగ, అక్కడి నల్ల తీగ ఒకటి కాదు

సంక్రాంతికి నరసన్నపేట వచ్చాను. కనుమ నాడు పక్కింటి బాబాయి ఫోన్ పట్టుకుని వచ్చారు. ఆయన లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. కూతురూ అల్లుడూ రెండు నెలల కిందటే డల్లాస్ వెళ్లారు. అద్దె ఇంట్లో బట్టల డ్రయ్యర్ వాళ్లే పెట్టుకోవాలట. ఇల్లు మారుతున్నవాళ్ల దగ్గర పాత ఎలక్ట్రిక్ డ్రయ్యర్ కొన్నారు. దాని ప్లగ్‌కి మూడు పిన్నులు, గోడ సాకెట్‌కి నాలుగు కన్నాలు.

"వీడియో కాల్లో నేను చెప్తుంటే అల్లుడు వైరు మార్చేస్తాడమ్మా. నువ్వోసారి చూడు" అన్నారు.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి ఇంటి ముఖం చూడకుండా లైన్లు నిలబెట్టిన మనిషి ఆయన. కరెంటు గురించి ఆయనకి నేనా చెప్పేది అనిపించింది. అయినా చెప్పాను. మన ఊళ్లో పని బాగా తెలిసినవాళ్లే అక్కడ పొరపాటు పడే చోటు ఇది.

మన ఇళ్లలో ఎరుపు ఫేజు (కరెంటు వచ్చే తీగ), నలుపు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ), ఆకుపచ్చ ఎర్త్. అమెరికాలో నలుపులోనూ ఎరుపులోనూ కరెంటు ఉంటుంది. న్యూట్రల్ తెలుపు. నల్ల తీగని న్యూట్రల్ అనుకుని ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వోల్టేజీ లెక్క కూడా వేరు. మనకి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉంటే, అక్కడ నలుపుకీ తెలుపుకీ మధ్య 120, నలుపుకీ ఎరుపుకీ మధ్య 240. డ్రయ్యర్లో హీటరు 240 మీద, డ్రమ్ము తిప్పే మోటారు సాధారణంగా 120 మీద నడుస్తాయి. డ్రమ్ము తిరుగుతోంది గానీ వేడి రావట్లేదంటే ఒక వైపు కరెంటు అందట్లేదేమో ముందు చూడాలి.

ఇక ఆ మూడో పిన్ను. మనకి మూడో పిన్ను అంటే ఎర్త్. అక్కడి పాత డ్రయ్యర్ ప్లగ్‌లో రెండు కరెంటువి, మూడోది న్యూట్రల్. ఎర్త్ విడిగా లేదు. లోపల ఒక చిన్న పట్టీతో మెషీన్ బాడీని న్యూట్రల్‌కే కలిపేవారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే బాడీకే కరెంటు వస్తుంది. అందుకే 1996 నుంచి అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ (వైరింగ్ నియమాలు) కొత్తగా వేసే డ్రయ్యర్ లైన్లకి నాలుగు తీగలు తప్పనిసరి చేసింది.

ఇంతవరకు విని బాబాయి "అయితే గోడ సాకెట్ మార్చొద్దంటావు" అన్నారు. అంతే. మార్చాల్సింది డ్రయ్యర్ వెనక ఉన్న వైరుని. నాలుగు పిన్నుల 30 ఆంపియర్ల డ్రయ్యర్ కార్డ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. స్టవ్ కోసం అమ్మే 50 ఆంపియర్ల కార్డ్ వద్దు, అడాప్టర్ వద్దు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు. మెషీన్ ప్లగ్ తీసేసి ఉండగానే, మాన్యువల్‌లో బొమ్మ దగ్గర పెట్టుకుని బిగించాలి. తెలుపు మధ్య స్క్రూకి, నలుపు ఎరుపు అటూ ఇటూ, ఆకుపచ్చ బాడీకి. న్యూట్రల్‌ని బాడీకి కలిపే ఆ పట్టీని మాత్రం తప్పకుండా విడదీయాలి. చాలామంది మర్చిపోయేది దీన్నే. మర్చిపోయినా మెషీన్ చక్కగా నడుస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. స్క్రూలు వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. వైరు లోపలికి వెళ్లే కన్నం దగ్గర క్లాంపు ఉండాలి. లేకపోతే మెషీన్ ఊగినప్పుడల్లా రేకు అంచు వైరుని కోస్తుంది. చేయి తిరగనివాళ్లు మనిషిని పిలిపించుకోండి. గోడ లోపలి వైరింగ్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. ఇంటి ఓనర్‌కి చెప్పి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

అందరికీ టెన్షన్ ప్లగ్ గురించే. నేను ఎక్కువ భయపడేది డ్రయ్యర్ వేడి గాలిని బయటికి పంపే గొట్టం గురించి. ఒహాయోలో మా మొదటి ఇంట్లో పాతవాళ్లు వదిలేసిన తెల్ల ప్లాస్టిక్ గొట్టానికే డ్రయ్యర్ తగిలించి, మెషీన్ని గోడకి ఆనేలా నెట్టేసి వెళ్లిపోయారు తెచ్చినవాళ్లు. ముప్పావు గంటలో ఆరే బట్టలు రెండోసారి తిప్పితే గానీ ఆరేవి కావు. చలికాలం కదా అనుకున్నాం. ఒక రాత్రి మాడు వాసన వచ్చి మెషీన్ని లాగి చూస్తే, గొట్టం నలిగి, లోపల నూగు దిండులా దట్టించుకుపోయి ఉంది. పిల్లలు పక్క గదిలోనే నిద్రపోతున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఖద్దరు నేసే పొందూరు వైపు వాళ్లకి దూది నూగు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పక్కర్లేదు. బట్టల నుంచి రాలిపడేదీ అదే, పైగా వేడి గాలిలో. గొట్టం 4 అంగుళాలది, గట్టి లోహంతో చేసింది ఉండాలి. ప్లాస్టిక్ పనికిరాదు. అతుకులకి రేకు టేపు వేయాలి. స్క్రూ మొన లోపలికి పొడుచుకొస్తే నూగు అక్కడే పట్టుకుంటుంది. గాలి ఇంటి బయటికే పోవాలి, అటకలోకో గరాజ్‌లోకో కాదు. బయటి మూతకి జాలీ పెట్టకూడదు. పొడవు మామూలుగా 35 అడుగులకి మించకూడదు, 90 డిగ్రీల మలుపు వచ్చిన ప్రతిచోటా అందులో 5 అడుగులు తగ్గించుకోవాలి. మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. డ్రయ్యర్లో నూగు పట్టే జాలీ ప్రతి లోడుకీ, గొట్టం కనీసం ఏడాదికోసారి శుభ్రం చేయాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అందరూ పడుకున్నాక డ్రయ్యర్ వేయొద్దు.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది నూనె సంగతి. తలంటుకి ముందు నువ్వుల నూనె తుడుచుకున్న తువ్వాళ్లు, వంటింటి మసిగుడ్డలు డ్రయ్యర్లో వేయకండి. ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడిగా తీసి కుప్పగా పడేస్తే లోలోపల ఇంకా వేడెక్కి తమంతట తామే అంటుకోగలవు. వాటిని తీగ మీదే ఆరేయండి. ఖద్దరు, పట్టు కూడా తీగ మీదికే.

బాబాయి అంతా విని, కూతురికి ఒకటే చెప్పారు: "మెషీన్ని వెనక్కి నెట్టకముందు ఫొటో తీసి అక్కకి పంపు." నిన్న రాత్రి ఫొటో వచ్చింది. గొట్టం మంచిదే, పట్టీ విడదీశారు, ఆకుపచ్చ తీగ సరైన చోటే ఉంది. వైరు కన్నం దగ్గర క్లాంపు లేదు. అది కొని తెచ్చి బిగించేదాకా ప్లగ్ పెట్టొద్దని చెప్పాం.